బెల్లం పాకంలో మిణుగురులు

చెరకు గానుగ ఆడే రోజుల్లో తిరుపతి దగ్గరి చంద్రగిరి చుట్టుపక్కల పల్లెలకు వెళ్తే దారి అడగాల్సిన పని ఉండదు. వాసనే చెయ్యిపట్టి తీసుకెళ్తుంది. చెరకు పిప్పి ఎగదోస్తున్న పొయ్యి, దాని మీద మనిషి పడుకునేంత వెడల్పున్న పెనం, అందులో కుతకుతలాడే రసం. మొదట మసక పచ్చగా ఉంటుంది. తెట్టు తీసేశాక లేత పసుపుకు తిరుగుతుంది. బుడగలు చిక్కబడేకొద్దీ తేనె రంగు, ఆపైన ఎర్రటి గోధుమ రంగు. పాకం చూసే మనిషి ఒక చుక్క తీసి చల్లటి నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి చూసి "దించండి" అంటాడు. బెల్లం దిమ్మ ధర ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంటుంది.

ఆ రంగు తిరిగే వేళ పెనంలో మరో పని కూడా జరుగుతుంటుంది. వేడికి చక్కెర అణువులు తమలోని నీటిని వదిలేస్తాయి. ఒకదానికొకటి అతుక్కుంటాయి. అలా అతుక్కున్నవాటిలో కొన్ని కంటికి ఆనని కార్బన్ ఉండలుగా మారతాయి. ఆ ఉండల మీద అతినీలలోహిత కాంతి పడితే అవి వెలుగుతాయి.

ఇది ఊహ కాదు. 2012లో గువాహటి ఐఐటీకి చెందిన అరుణ్ చటోపాధ్యాయ్, సిద్ధార్థ శంకర్ ఘోష్, అనుమితా పాల్ బృందం బ్రెడ్డు, బెల్లం, పంచదార పాకం, కార్న్‌ఫ్లేక్స్, బిస్కెట్లు తెచ్చి, వాటిలోంచి ఈ కార్బన్ రేణువులను వేరుచేసి చూపించింది. 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో ఆ పరిశోధన అచ్చయింది. దొరికిన రేణువుల సైజు 4 నుంచి 30 నానోమీటర్లు. తల వెంట్రుక మందాన్ని పదివేల ముక్కలు చేస్తే ఒక్కో ముక్క దాదాపు 8 నానోమీటర్లు ఉంటుంది. ఎక్కువ వేడిలో పుట్టిన రేణువులు ఇంకా చిన్నవిగా ఉన్నాయి. వెలుగు మాత్రం గుడ్డి వెలుగే. బెల్లం నుంచి తీసిన రేణువులు వెయ్యి కాంతి కణాలను మింగితే తిరిగి ఇచ్చింది ఐదారే. బ్రెడ్డు కాస్త నయం, పన్నెండు ఇచ్చింది.

ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ఈ కథంతా ఆ ఐదారును వందల్లోకి పెంచడం గురించి, పెంచిన వెలుగుతో నీళ్లలోని విషాన్ని, ఒంట్లోని రోగాన్ని చూడటం గురించి.

మింగిన కాంతిని వేరే రంగులో తిరిగి ఇచ్చే ఈ గుణాన్ని పాఠ్యపుస్తకాల్లో ప్రతిదీప్తి అంటారు. చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. తిరుపతి బజారులో ఏ దుకాణం గల్లాపెట్టె పక్కనైనా దొంగనోట్లు పట్టే ఊదారంగు లైటు ఉంటుంది. దాని కింద పెడితే అసలు నోటు మీది అంకెలు, సన్నని పోగులు మెరుస్తాయి. డిటర్జెంటుతో ఉతికిన తెల్లపంచె నీలంగా వెలుగుతుంది. నూనెలో కలిపిన పసుపు పచ్చగా మెరుస్తుంది. మామిడాకును నలిపి స్పిరిట్‌లో నానబెట్టి, ఆ ఆకుపచ్చ ద్రవం మీద లైటు వేస్తే ఎర్రగా వెలుగుతుంది. అది పత్రహరితం పని. పిల్లలకు చూపించదగ్గ ప్రయోగం ఇది. లైటును కళ్లలోకి మాత్రం వేయకూడదు. ఆకు ఎర్ర వెలుగు సంగతి మళ్లీ వస్తుంది.

మసి కడుగుతుంటే దొరికింది

ఈ కార్బన్ రేణువులను కనిపెట్టాలని మొదట ఎవరూ బయల్దేరలేదు. 2004లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో షూ, స్క్రివెన్స్, వారి సహచరులు కార్బన్ నానోట్యూబులనే అతిసన్నని గొట్టాల కోసం మసిని శుద్ధి చేస్తున్నారు. విద్యుత్తు పారించి మసిలోని పదార్థాలను వేరుచేస్తుంటే, నానోట్యూబులు కాని ఒక భాగం విడిగా కదిలి రంగురంగుల్లో వెలుగుతూ కనిపించింది. చెత్తగా పారేయాల్సిన భాగం అది. రెండేళ్లకు అదే రాష్ట్రంలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో యా-పింగ్ సన్ బృందం గ్రాఫైట్ మీద లేజర్ ప్రయోగించి అలాంటి రేణువులనే తయారు చేసింది. వాటికి పాలిమర్ పూత పూస్తే వెలుగు పెరిగింది. 'కార్బన్ డాట్లు' అన్న పేరు అక్కడినుంచే స్థిరపడింది.

2007లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చెంగ్డ మావ్ బృందం ఇంకా సులువైన దారి పట్టింది. కొవ్వొత్తి మంట మీద పట్టిన మసిని నత్రికామ్లంలో మరిగించి, సైజుల వారీగా విడదీసింది. ఒకే లైటు కింద ఒక్కో భాగం ఒక్కో రంగులో వెలిగింది. ఆముదం దీపం మీద రాగి పళ్లెం బోర్లించి కాటుక పట్టిన అమ్మమ్మలకు ఆ పరికరాల వరస కొత్తగా అనిపించదు. కొవ్వొత్తి మసి వెలుగు మాత్రం 2 శాతానికి లోపే ఉండిపోయింది.

అప్పటికే వెలిగే నానో రేణువులు లోకంలో లేకపోలేదు. క్వాంటం డాట్లు ఉన్నాయి. వాటిని కనిపెట్టి, నాణ్యంగా తయారుచేసే పద్ధతి చెప్పినందుకే ఎకిమోవ్, బ్రూస్, బావెండి 2023లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు. టీవీ తెరల్లో మనం చూసే చిక్కటి రంగుల వెనక ఆ శాస్త్రమే ఉంది. అయితే తొలినాళ్ల నుంచి పేరుమోసిన క్వాంటం డాట్లు కాడ్మియంతో చేసినవి. కాడ్మియం మూత్రపిండాలను, ఎముకలను తినేసే లోహం. టీవీ తెర వెనక బిగించి ఉంచితే సరే, మనిషి నరంలోకి ఎక్కించాలంటే ఏ వైద్యుడి చెయ్యీ ముందుకు రాదు. కార్బన్ డాట్ల మీద లోకానికి ఇంత మోజు పుట్టింది అందుకే. ముడిసరుకు కార్బన్, నీళ్లలో తేలిగ్గా కరుగుతాయి, ఖర్చు తక్కువ.

మామిడాకు, ఉల్లి, లాంటానా పండు

2012లోనే ఈ రంగం వంటింట్లోకి నడిచింది. ఆ ఏడాది రూర్కెలా ఎన్‌ఐటీలో స్వాగతికా సాహు, సస్మితా మహాపాత్ర తదితరులు కమలాపండు రసాన్ని మూసిన పాత్రలో 120 డిగ్రీల దగ్గర ఉడికించి కార్బన్ డాట్లు తీశారు. బెల్లం రేణువులు వెయ్యికి ఐదారు ఇస్తే, ఇవి 260 దాకా తిరిగి ఇచ్చాయి. రసంలోని చక్కెరలు, పులుపు, విటమిన్ సి కలిసి చేసిన పని అది. మరుసటి ఏడాది చైనాలోని జిలిన్ విశ్వవిద్యాలయంలో బాయ్ యాంగ్ బృందం నిమ్మ ఉప్పుగా మనం ఎరిగిన సిట్రిక్ ఆమ్లానికి ఎథిలీన్‌డైఅమీన్ అనే రసాయనం కలిపి ఉడికించి, వెయ్యికి 800 దాకా చేర్చింది.

పద్ధతిలో దాచుకునే మర్మమేమీ లేదు. లోపల టెఫ్లాన్ తొడుగున్న మందపాటి ఉక్కు డబ్బాలో రసమో, పొడి కలిపిన నీళ్లో పోసి, మూత బిగించి, ఓవెన్‌లో కొన్ని గంటలు పెడతారు. ప్రెషర్ కుక్కర్‌కు పెద్దన్న అనుకోవచ్చు. చల్లారాక గోధుమ రంగు ద్రవం వస్తుంది. వడగట్టి, శుద్ధి చేసి, ఊదారంగు లైటు కింద పెడితే నీలంగానో పచ్చగానో వెలుగుతుంది. కొందరు మైక్రోవేవ్‌లో నిమిషాల్లో ముగిస్తారు.

ఆ తర్వాత ఈ డబ్బాలోకి వెళ్లని పంట లేదంటే అతిశయోక్తి కాదు. 2014లో దక్షిణ కొరియా పరిశోధకులు మామిడిపండు నుంచి ప్రతిదీప్తి కార్బన్ రేణువులు తీసి, వాటితో జీవకణాలకు ఫొటోలు తీశారు. 2016లో చైనా పరిశోధకులు వేరుశనగ పొట్టుతో అదే పని చేశారు. 2017లో బొంబాయి ఐఐటీలో ముకేశ్ కుమార్ కుమావత్, రోహిత్ శ్రీవాస్తవ బృందం మామిడాకుల సారాన్ని మైక్రోవేవ్‌లో పెట్టి 2 నుంచి 8 నానోమీటర్ల రేణువులు తయారు చేసింది. మామిడికీ వేరుశనగకూ పుట్టిల్లు లాంటి చిత్తూరు సీమవాసులు ఈ వార్తలు చదివితే, మన దగ్గర గుట్టలుగా పడి ఉండేది ఇదే కదా అనుకోక తప్పదు.

తెలుగు నేల మీద జరిగిన పని కూడా ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగంలో బండి రాజ్‌కుమార్, గుట్టెన వీరభద్రం, వారి సహచరులు 2016లో పనికిరాని ఉల్లి వ్యర్థాల నుంచి కార్బన్ డాట్లు తీసి, వాటితో నీళ్లలోని ఇనుమును పట్టారు. 2018లో లాంటానా పండ్ల వంతు వచ్చింది. శేషాచలం అడుగున, చెరువు కట్టల మీద, రోడ్ల పక్కన అల్లుకుపోయే కంపే అది. పూలు గుత్తులుగా రంగులు మారుతుంటాయి. అడవి మొక్కల నోట్లో మన్ను కొట్టే ఆ కంప పండ్ల నుంచి తీసిన డాట్లు సీసాన్ని గుర్తుపట్టాయి.

సీసం అనగానే మన రాష్ట్రంలో ఒక ఊరు గుర్తుకు రావాలి.

ఆరిపోవడమే కబురు

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛపోయారు. కొద్ది రోజుల్లోనే బాధితులు 600 దాటారు. ఒకరు చనిపోయారు. రక్తం, నీళ్లు, పాలు, కూరగాయల నమూనాలు హైదరాబాద్‌కు, ఢిల్లీకి ప్రయాణం కట్టాయి. తొలుత ఎయిమ్స్ కొందరి రక్తంలో సీసం, నికెల్ గుర్తించింది. ఆ తర్వాత అనుమానం పురుగుమందుల అవశేషాల మీదికి మళ్లింది. ఆ రోజుల్లో ఏలూరు తల్లి ఎవరైనా అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ నీళ్లు బిడ్డకు పట్టొచ్చా, పట్టకూడదా? కుళాయి దగ్గర నిలబడి దానికి జవాబు చెప్పగల పరికరం ఊళ్లో లేదు.

ఇప్పటికీ పరిస్థితి పెద్దగా మారలేదు. జల్ జీవన్ మిషన్ కింద పల్లెకు ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లు వాడటం నేర్పిస్తున్నారు. అది చాలా మంచి పని. గాజు గొట్టంలో మందు వేసి, మారిన రంగును అట్ట మీది రంగుతో పోల్చి ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, క్లోరిన్ ఎంతుందో వారు చెప్పేస్తారు. సీసం, పాదరసం, పురుగుమందులు మాత్రం ఆ మామూలు కిట్లకు అందవు. తాగునీటిలో సీసానికి అనుమతి లీటరుకు 0.01 మిల్లీగ్రాము, పాదరసానికి అందులో పదో వంతు. అంత కొంచెం పట్టాలంటే లక్షల విలువైన యంత్రం, దాన్ని నడిపే చదువు, నమూనా వెళ్లిరావడానికి రోజులు కావాలి.

కార్బన్ డాట్లు ఆశపెడుతున్నది ఈ ఖాళీని పూడుస్తామనే. అవి పనిచేసే తీరు చెప్పుకోవాలంటే మిణుగురును తలచుకోవాలి. మిణుగురును గుప్పిట్లో మూస్తే వెలుగు కనపడదు. డాటు పైన ఆమ్లజని, నత్రజని గుంపులు వేలాడుతుంటాయి. పాదరసం అయాను వచ్చి వాటిని పట్టుకోగానే, మింగిన కాంతి వెలుగుగా బయటికి రాకుండా పక్కదారి పడుతుంది. వెలుగు తగ్గుతుంది. ఎంత పాదరసం ఉంటే అంత తగ్గుతుంది. తగ్గిన వెలుగును కొలిస్తే పాదరసం లెక్క తేలిపోతుంది. ఇక్కడ వెలగడం కాదు, ఆరిపోవడమే కబురు. గుప్పిట విప్పించే పద్ధతీ ఉంది. పాదరసం పట్టి ఆరిన డాట్లకు గంధకం ఉన్న సిస్టీన్ లాంటి పదార్థం తగిలితే, పాదరసం డాటును వదిలి గంధకాన్ని పట్టుకుంటుంది. వెలుగు తిరిగి వస్తుంది.

ఫ్లోరైడ్‌ను పట్టడానికి ఈ రెండో పద్ధతే వాడుతున్నారు. డాటుకు ముందే జిర్కోనియం లాంటి లోహంతో ముడి పెడతారు. ఫ్లోరైడ్ వచ్చి ఆ లోహాన్ని తనవైపు లాక్కుంటుంది. డాటు వెలుగులో మార్పు వస్తుంది. దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. నల్లగొండ బాధ దేశమంతటికీ తెలుసు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, గతిలేకపోతే ఒకటిన్నర దాకా తాగవచ్చని మన ప్రమాణం. రాయలసీమలో బోరు లోతుకు వెళ్లేకొద్దీ ఆ గీత దాటే భయం ఉంటుంది. ఏటేటా బోరు ఇంకాస్త లోతుకు దించే రైతుకు నీటి పరీక్ష ఒక్కసారి చేయించుకుంటే సరిపోదు.

పురుగుమందులను పట్టే ఉపాయం ఇంకా ముచ్చటైనది. మన నరాల్లో ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ మందులు పురుగును చంపేదీ, మనిషిని పడగొట్టేదీ ఈ ఎంజైమును కట్టిపడేసే. పరీక్షలో ఆ ఎంజైమునే కాపలా పెడతారు. నీళ్లలో మందు లేకపోతే ఎంజైము తన పని చేసి, ఆరిపోయిన డాట్లను వెలిగించే పదార్థాన్ని తయారు చేస్తుంది. మందు ఉంటే ఎంజైము పడిపోతుంది, డాట్లు చీకట్లోనే ఉండిపోతాయి.

పాల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చిత్తూరు సీమలో పంట పోయిన ఏడాది సంసారాన్ని నిలబెట్టేది ఆవు. పొదుగువాపు వచ్చిన ఆవుకు టెట్రాసైక్లిన్ జాతి మందులు ఇస్తారు. ఇచ్చాక కొన్ని రోజులు ఆ పాలు కేంద్రానికి పోయకూడదు. పోసినా కంటికి తెలియదు. ఆ మందు అతినీలలోహిత కాంతిని మధ్యలోనే మింగేస్తుంది కాబట్టి నీలం డాట్ల వెలుగు మందగిస్తుంది. అలా పాలలోని మందును పట్టే పరీక్షలు ప్రయోగశాలల్లో చాలానే చేశారు. కాగితపు పట్టీ మీద డాట్లు ఆరబెట్టి, పాల చుక్క వేసి, సెల్‌ఫోన్ కెమెరాతో వెలుగు కొలిచే పద్ధతులూ వచ్చాయి.

వెలుగు పంపి, తిరిగి వచ్చిన వెలుగును చదివి విషయం తెలుసుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. చంద్రగిరి దాటి చిత్తూరు వైపు వెళ్లే దారిలో గాదంకి ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో లైడార్ అనే పరికరం ఆకాశంలోకి లేజర్ పంపుతుంది. దుమ్ము, మసి, మేఘాల మీద పడి వెనక్కి వచ్చిన కాంతితో గాలి పొరల గుట్టు విప్పుతుంది. అక్కడ కొలిచేది కిలోమీటర్ల ఎత్తున్న ఆకాశం. ఇక్కడ కొలవాల్సింది ఒక చెంబు నీళ్లు.

స్వేదనజలంలో నెగ్గితే సరిపోదు

ఇన్ని డాట్లు ఇన్ని విషాలను పడుతుంటే, చంద్రగిరి పంచాయతీలో ఒక్క పట్టీ అయినా ఎందుకు లేదు? ఈ ప్రశ్న దగ్గర మొహమాటం పనికిరాదు.

మొదటి కారణం ఇనుము. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు బెల్లం నీళ్లలో తుప్పుపట్టిన ఇనుప ముక్కలు రోజుల తరబడి ఊరబెడతారు. ఆ నీళ్లు కరక్కాయ పట్టించిన బట్ట మీద పడగానే చిక్కటి నలుపు తేలుతుంది. ఇనుము కార్బన్ డాట్లనూ అలాగే చీకటి చేస్తుంది, కారణం వేరైనా. ఇనుము అయాను ఊదా లైటును తానే మింగేస్తుంది. అంటే డాటును తాకకుండానే దీపానికి తెర కడుతుంది. పాదరసం కోసం పెట్టిన పరీక్షలో వెలుగు తగ్గితే, ఆ పని పాదరసానిదా, ఇనుముదా? బోరు నీళ్లలో కాల్షియం, ఉప్పు, మట్టి రంగు, చెరువు నాచు అన్నీ ఉంటాయి. ప్రయోగశాలలో స్వేదనజలానికి కొలిచి కలిపిన పాదరసాన్ని పట్టిన డాటు, ఊరి నీళ్లలో తికమకపడుతుంది. రెండు రంగుల్లో వెలిగే డాట్లు కొంత దారి చూపుతున్నాయి. ఒక రంగు విషానికి లొంగుతుంది, రెండోది చెక్కుచెదరదు. రెండింటి నిష్పత్తిని చూస్తే లైటు తగ్గినా నీళ్లు మసకబారినా లెక్క తప్పదు.

రెండో కారణం ఇంకా ఇబ్బందికరమైనది. వెలుగుతున్నది నిజంగా డాటేనా? మామిడాకు ఎర్ర వెలుగు గుర్తుందిగా. ఆకు సారం నుంచి తీసిన రేణువులు ఎర్రగా వెలిగితే, శుద్ధిలో మిగిలిపోయిన పత్రహరితం వాటా ఎంతో తేల్చకుండా ఆ వెలుగంతా కార్బన్ ఖాతాలో వేయడం సరికాదు. 2018లో మిజోరి విశ్వవిద్యాలయంలో గ్యారీ బేకర్ బృందం ఈ మాటే గట్టిగా చెప్పింది. సరిగా శుద్ధి చేయని నమూనాల్లో వెలుగు చాలావరకు పక్కన పుట్టిన చిన్న అణువులదని, డాట్లది కాదని కొలిచి చూపించింది. సిట్రిక్ ఆమ్లం డాట్ల విషయంలోనూ అలాంటి ఒక చిన్న అణువు బయటపడింది. రోజుల తరబడి పొరగుండా నీళ్లు మార్చుతూ శుద్ధి చేయడం విసుగు పని. ఆ విసుగు పనిని దాటవేసిన పరిశోధనలు చాలానే ఉన్నాయి. ఫలానా ఆకుతో, ఫలానా తొక్కతో మేమే మొదట చేశామని చెప్పుకునే తొందర ఈ రంగానికి చేసిన చెరుపు తక్కువ కాదు. నూరు ఆకులతో నూరు రకాల డాట్లు చేసేకంటే, ఒక్క డాటును నూరు ఊళ్ల నీళ్లలో పరీక్షించడం మేలు.

ఒంట్లోకి వెళ్లాలంటే

వైద్యంలో కార్బన్ డాట్ల మొదటి పని చూపించడం. మామిడిపండు డాట్లయినా కమలా రసం డాట్లయినా, కణాలున్న పాత్రలో వేస్తే గంటల్లో కణం లోపలికి వెళ్లిపోతాయి. సూక్ష్మదర్శిని కింద కణం ఆకారం వెలుగుతూ కనిపిస్తుంది. క్యాన్సర్ కణాన్నే ఎంచి వెలిగించాలంటే డాటుకు ఫోలిక్ ఆమ్లం అంటిస్తారు. గర్భిణులకు మాత్రలుగా ఇచ్చే విటమిన్ అదే. వేగంగా పెరిగే చాలా రకాల క్యాన్సర్ కణాలకు ఫోలిక్ ఆమ్లం మీద ఆకలి ఎక్కువ, దాన్ని పట్టుకునే తలుపులు వాటి మీద ఎక్కువగా ఉంటాయి. ఆ ఎరతో డాటు లోపలికి చేరుతుంది. వెంట డాక్సోరూబిసిన్ లాంటి మందును మోసుకెళ్లగలదు. కొన్ని డాట్లు లైటు పడినప్పుడు చురుకైన ఆమ్లజనిని పుట్టించి కణాన్ని లోపలినుంచి దెబ్బతీస్తాయి.

బొంబాయి ఐఐటీ మామిడాకు రేణువులు మరో పని చేశాయి. కణం లోపలి వేడిని కొలిచాయి. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ వాటి వెలుగు తగ్గుతుంది. జ్వరం వచ్చిన మనిషి చంకలో థర్మామీటరు పెట్టినట్టు, ఒక్క కణం చంకలో పెట్టే థర్మామీటరు అనుకోవచ్చు. వాటి ఎర్ర వెలుగుకు ఇంకో లాభం కూడా ఉంది. నీలం వెలుగు చర్మం దాటి లోతుకు వెళ్లలేదు. ఎరుపు వెళ్తుంది. అరచేతి కింద టార్చిలైటు పెట్టుకుని చూసిన పిల్లలందరికీ ఇది తెలుసు.

లోపలికి వెళ్లినవి బయటికి రావాలి కదా. 2007లో హార్వర్డ్‌కు చెందిన హక్ సూ చోయ్, జాన్ ఫ్రాంజియోనీ బృందం క్వాంటం డాట్లతో ఒక గీత గీసింది. నీళ్లలో సైజు దాదాపు ఐదున్నర నానోమీటర్లకు లోబడి ఉంటే మూత్రపిండాలు రేణువును వడగట్టి పంపేస్తాయి. అంతకు మించితే కాలేయంలోనూ ప్లీహంలోనూ చిక్కుకునే ప్రమాదం ఉంది. చాలా కార్బన్ డాట్లు ఆ గీతకు లోపలే ఉండటం ఆశ కలిగించే విషయం. 2009లో క్లెమ్సన్ బృందం కార్బన్ డాట్లను ఎలుకల ఒంట్లోకి ఎక్కించి ఫొటోలు తీసింది, వెంటనే హాని కనపడలేదు.

కార్బనే కదా, ఒంటికి మంచిదే అనుకుంటే పొరపాటు. పొయ్యి ముందు కూర్చున్న తల్లి ఊపిరితిత్తుల్లో పేరుకునే మసీ కార్బనే. నానో పదార్థాల్లో మోతాదే అన్నీ నిర్ణయిస్తుంది. ఈ సంగతి తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం చాలాకాలం కిందటే వేరుశనగ మీద చూపించింది. టీఎన్‌వీకేవీ ప్రసాద్, వారి సహచరులు మద్రాసు ఐఐటీ శాస్త్రవేత్త టి.ప్రదీప్‌తో కలిసి 2012లో ప్రచురించిన పరిశోధనలో, జింక్ ఆక్సైడ్ నానో రేణువులను 1000 పీపీఎం మోతాదులో పట్టిస్తే విత్తనం బలంగా మొలిచింది. 2000 పీపీఎం పట్టిస్తే అదే రేణువు మొలకను కుంగదీసింది. ప్రపంచమంతా ఉటంకించే ఆ పని జరిగింది చంద్రగిరికి కూతవేటు దూరంలో.

బీజింగ్‌లో సాగుతున్న ఒక పరిశోధన మనవాళ్లు గమనించాల్సింది. చైనా సంప్రదాయ వైద్యంలో కొన్ని మూలికలను మాడ్చి బొగ్గు చేసి, రక్తస్రావం ఆపడానికి ఇస్తారు. బీజింగ్ చైనా వైద్య విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ బొగ్గు కషాయాల్లో కార్బన్ డాట్లను వేరుచేసి, ఎలుకల్లో రక్తం ఆపే గుణం వాటికే ఉందని చూపారు. మన ఆయుర్వేదంలోనూ మషి కల్పన ఉంది. నెమలి ఈకను మాడ్చి చేసే మషిని ఎక్కిళ్లకు తేనెతో ఇస్తారు. మన మషులలో ఏముందో, ఎంతుందో, అది ఏం చేస్తుందో కొలిచి చూడాలి. ముందే గొప్పలు చెప్పుకోవడం వల్ల వైద్యానికీ మేలు లేదు, శాస్త్రానికీ మేలు లేదు. అలాగే బెల్లంలో ఈ రేణువులున్నాయని తేలినంతమాత్రాన బెల్లం మందు అయిపోదు. షుగరు ఉన్నవారికి అది ఎప్పటిలాగే చెరుపు చేస్తుంది.

కార్బన్ డాట్ల మీద వైద్య పరిశోధన ఇప్పటికీ ఎక్కువగా కణాల మీద, ఎలుకల మీద, జీబ్రా చేపల మీద సాగుతోంది. ఒకే డబ్బాలో, ఒకే రసంతో, ఒకే వేడిలో చేసినా రెండు విడతల డాట్లు అచ్చంగా ఒకేలా రావడం లేదు. ప్రతి మాత్రా ఒకేలా ఉండాలనే మందుల నియమం ముందు ఇది పెద్ద అడ్డంకి. పండు మారితే రసం మారుతుంది, కాపు మారితే చక్కెర మారుతుంది. అందుకే ఒంట్లోకి ఎక్కించే డాట్లకు మామిడిపండు కంటే శుద్ధమైన సిట్రిక్ ఆమ్లమే నమ్మదగ్గ ముడిసరుకు. పండ్లు, ఆకులు నీటి పరీక్షకు పనికొస్తే చాలు. ఆసుపత్రి కంటే కుళాయి దగ్గరే ఇవి ముందు నిలదొక్కుకుంటాయని ఈ రంగాన్ని గమనిస్తే తోస్తుంది. ఒంట్లోకి వెళ్లనిదానికి భద్రత పరీక్ష తేలిక.

ప్రయోగశాల పని పల్లె గడప తొక్కడం జరగనిదేమీ కాదు. వేరుశనగ పనిలో తిరుపతితో చేయి కలిపిన ప్రదీప్ బృందమే నీళ్లలోంచి ఆర్సెనిక్‌ను తొలగించే అమృత్ అనే నానో పదార్థాన్ని తయారుచేసి ఊళ్లకు చేర్చింది. దానికి ఏళ్లు పట్టింది, వెంటపడి చేయించిన మనుషులు ఉన్నారు.

చంద్రగిరి నుంచి ఏర్పేడు ఎంతో దూరం కాదు. అక్కడ 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ రెండూ ఉన్నాయి. తిరుపతిలో 1954 నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, స్విమ్స్ ఆసుపత్రి ఉంది, వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. చంద్రగిరి మండలంలో కల్యాణి డ్యాం ఉంది, స్వర్ణముఖి ఒడ్డున వందల బోర్లు ఉన్నాయి, ప్రతి పల్లెలో నీటి పరీక్ష నేర్చుకున్న మహిళలు ఉన్నారు. కార్బన్ డాట్ల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టే తిరుపతి విద్యార్థులకు, వారికి దారి చూపే ఆచార్యులకు ఒక్క విన్నపం. ఉక్కు డబ్బా తెరిచి, శుద్ధి ముగించి, డాట్లు వెలగడం చూశాక, మొదటి పరీక్షకు స్వేదనజలం సీసా అందుకోకండి. ఒక బస్సెక్కి చంద్రగిరి రండి. ఏదో ఒక వీధిలో బోరు కొట్టి, ఆ నీళ్లు పట్టుకెళ్లండి. వాటిలో మీ డాటు ఏం చెప్పిందో, చెప్పలేకపోయిందో అదే ముందు రాయండి.